చదువుకు ఖిద్మత్ నేర్పిన హైదరాబాదీ: డాక్టర్ జాకిర్ హుసేన్ జీవితం

డాక్టర్ జాకిర్ హుసేన్ పేరు చెప్పగానే చాలామందికి రాష్ట్రపతి భవన్ గుర్తొస్తుంది. భారతదేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి, భారతరత్న, స్టాంపు మీద తెల్ల గడ్డంతో కనిపించే పెద్దమనిషి. పిల్లల జీకే పుస్తకాల్లో ఆయన గురించి ఉండేది దాదాపు ఇంతే. నిజానికి ఆ పదవులన్నీ ఆయన జీవితంలో చివరి పన్నెండేళ్లలో వచ్చినవి. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు ఆయన చేసింది ఒక్కటే పని, పిల్లలకు, యువకులకు చదువు చెప్పడం. చదువుకున్నవాడు చదువు లేనివాడి గడప తొక్కకపోతే ఆ చదువు సగమే అన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం కోసం ఆయన జీతం వదులుకున్నారు, హోదా వదులుకున్నారు, ఒకసారి ప్రాణం మీదకు కూడా తెచ్చుకున్నారు.

ఆ మనిషి పుట్టింది మన హైదరాబాద్‌లోనే.

బేగంబజార్ నుంచి ఖాయంగంజ్‌కు

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. వాళ్లది అఫ్రీదీ పఠాన్ల ఖాందాన్. పెద్దల సొంతూరు ఉత్తరప్రదేశ్‌లో ఫరూఖాబాద్ జిల్లాలోని ఖాయంగంజ్. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ బతుకుదెరువు కోసం నిజాం రాజ్యానికి వచ్చి, న్యాయశాస్త్రం చదివి, వకీలుగా బాగా స్థిరపడ్డారు. బేగంబజార్ ప్రాంతంలో ఇల్లు కట్టుకున్నారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవారు.

సుఖంగా సాగిపోతున్న ఆ ఇంటి మీద క్షయ వ్యాధి దెబ్బ కొట్టింది. 1907లో తండ్రి చిన్న వయసులోనే కన్నుమూశారు. అప్పటికి జాకిర్‌కు పదేళ్లు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లల్ని వెంటబెట్టుకుని ఖాయంగంజ్ చేరుకున్నారు. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్ హాస్టల్లో చేర్చారు. 1911లో ప్లేగు వచ్చి ఆ తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే అమ్మా అబ్బా ఇద్దరూ లేని పిల్లాడయ్యాడు.

ఇటావా స్కూల్లో సయ్యద్ అల్తాఫ్ హుసేన్ అనే హెడ్‌మాస్టర్ ఉండేవారు. సాదాగా బతకడం, పని తప్పించుకోకపోవడం, అబద్ధం ఆడకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్నారు. బాల్కన్ యుద్ధాల రోజుల్లో టర్కీ బాధితుల కోసం ఊళ్లో తిరిగి చందాలు పోగుచేసిన పిల్లల్లో జాకిర్ ముందుండేవాడు. ఎక్కడో దూర దేశంలో ఉన్నవాళ్ల కష్టం తన కష్టమే అనుకోవడం, వాళ్ల కోసం సిగ్గుపడకుండా చెయ్యి చాచడం అప్పుడే అలవాటైంది. తరువాత జామియా కోసం ఆయన ఇరవై ఏళ్ల పాటు చాచిన చెయ్యి అదే.

అలీగఢ్ గేటు దాటి బయటికి

1913లో అలీగఢ్‌లోని ఎం.ఏ.ఓ. కాలేజీలో చేరారు. డాక్టర్ కావాలని సైన్స్ తీసుకుని లక్నోకు కూడా వెళ్లారు గానీ, ఆరోగ్యం దెబ్బతిని ఆ దారి మూసుకుపోయింది. మళ్లీ అలీగఢ్ వచ్చి 1918లో బీఏ పూర్తి చేశారు. మంచి మాటకారి, చురుకైన విద్యార్థి. 1920 నాటికి ఎంఏ చదువుతూనే అక్కడ పాఠాలు కూడా చెబుతున్నారు. మరో ఏడాది ఓపిక పడితే స్థిరమైన ఉద్యోగం, గౌరవం, ఇంగ్లీషు దొరల దగ్గర పలుకుబడి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

అదే ఏడాది అక్టోబర్‌లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఊపు మీదున్న రోజులవి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చదువును వదిలి బయటికి రమ్మని వాళ్లు విద్యార్థుల్ని పిలిచారు. కొందరు విద్యార్థులు ఆ పెద్దల్ని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి మాటలు చెవిన పడి జాకిర్ హుసేన్ చాలా కుంగిపోయారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. అయితే ఆవేశంతో చదువు మానేసి రోడ్డు మీద పడటం ఆయనకు నచ్చలేదు. వదిలేసిన చదువు స్థానంలో మరో చదువు ఉండాలి కదా? తోటివాళ్లతో కలిసి ఢిల్లీ వెళ్లి హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ లాంటి పెద్దల్ని కలిశారు. జాతీయ విద్యాలయం పెడితే విద్యార్థులు, ఉపాధ్యాయులు వస్తారని మాటిచ్చారు.

అలా 1920 అక్టోబర్ 29న అలీగఢ్‌లోనే జామియా మిలియా ఇస్లామియా పుట్టింది. షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా పునాది పడింది. హకీం అజ్మల్ ఖాన్ చాన్స్‌లర్, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ మొదటి వైస్ చాన్స్‌లర్. మొదట్లో పక్కా భవనాలు కూడా లేవు, గుడారాల్లో తరగతులు. పాత కాలేజీ వదిలి ఆ గుడారాల్లోకి నడిచినవాళ్లలో ఇరవై మూడేళ్ల జాకిర్ హుసేన్ ఒకరు.

బెర్లిన్ డాక్టరేట్, కరోల్‌బాగ్ జీతం

1922లో ఆయన జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివి, బ్రిటిష్ పాలనలోని హిందుస్తాన్ వ్యవసాయ వ్యవస్థ మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేట్ పొందారు. జర్మనీలో ఉండగానే అక్కడి ప్రెస్సులో మిర్జా గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు. కొత్త రకం పాఠశాలలు చూశారు. పిల్లవాడు చేత్తో పని చేస్తూ, తోటివాళ్లతో కలిసి బాధ్యత మోస్తూ నేర్చుకునే పద్ధతి ఆయన మనసుకు పట్టింది.

ఆ లోగా ఇక్కడ జామియా పరిస్థితి దిగజారిపోయింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది, చందాలు ఆగిపోయాయి. మూసేద్దామా అన్న మాట కూడా వచ్చింది. గాంధీజీ అవసరమైతే తాను జోలె పట్టుకుని అడుక్కొస్తానని, జామియా మాత్రం ఆగకూడదని అన్నారు. హకీం సాహెబ్ 1925లో సంస్థను ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించి తన జేబులో డబ్బుతో నడిపారు. ఈ సంగతి తెలిసి బెర్లిన్‌లో ఉన్న ముగ్గురు మిత్రులు ఒక నిర్ణయానికి వచ్చారు. తాము వచ్చి జీవితాలు జామియాకే ఇస్తామని, అప్పటిదాకా మూయవద్దని కబురు పెట్టారు. ఆ ముగ్గురు జాకిర్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్, ఆబిద్ హుసేన్.

1926లో ముగ్గురూ వచ్చారు. జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్స్‌లర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్లే. బెర్లిన్ డాక్టరేట్ ఉన్నవాడికి ఆ రోజుల్లో ఏ సంస్థానంలోనైనా, ఏ ప్రభుత్వ కాలేజీలోనైనా పెద్ద కుర్చీ దొరికేది. ఆయన తీసుకున్నది మాత్రం చాలా తక్కువ జీతం. డబ్బు చాలనప్పుడు దాన్ని కూడా ఇంకా తగ్గించుకున్నారు.

ఇరవై ఏళ్ల ప్రతిజ్ఞ

1927 డిసెంబర్‌లో హకీం అజ్మల్ ఖాన్ ఇంతెకాల్ అయ్యారు. జామియాకు ఉన్న ఒక్క అండ పోయింది. అప్పులు మిగిలాయి. సంస్థ మూతపడుతుందని అందరూ అనుకున్నారు.

1928లో ఉపాధ్యాయులే ముందుకొచ్చి అంజుమన్ ఏ తాలీమ్ ఏ మిల్లీ అనే సంఘంగా ఏర్పడ్డారు. ఇరవై ఏళ్ల పాటు జామియాను వదిలి వెళ్లబోమని, నెలకు 150 రూపాయలకు మించి జీతం ఎప్పుడూ అడగబోమని ప్రతిజ్ఞ చేశారు. ఆ ముందువరసలో జాకిర్ హుసేన్ ఉన్నారు. ఆ 150 కూడా కాగితం మీద మాటే. నెలల తరబడి చేతికి ఏమీ అందని రోజులు చాలానే గడిచాయి.

ఇక్కడ ఇంట్లోవాళ్లను మర్చిపోకూడదు. ఆయన భార్య షాజహాన్ బేగం ఆ కొద్దిపాటి సొమ్ముతోనే సంసారం లాగారు. భర్త ఆదర్శాల మీద పుస్తకాలు వచ్చాయి గానీ, పిండి డబ్బా ఖాళీ అయిన రోజున ఆమె ఏం చేసిందో ఎవరూ రాయలేదు. జామియా కథలో ఆ ఉపాధ్యాయుల ఇళ్లలోని ఆడవాళ్ల వాటా చాలా పెద్దది.

ఆ రోజుల గురించి జామియాలో తరతరాలుగా చెప్పుకునే ఒక సంఘటన ఉంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు జాకిర్ సాహెబ్ మిఠాయి పంచుతున్నారు. ఆయన చిన్న కూతురు రెహానా జబ్బుతో ఇంట్లో ఉంది. పాప చనిపోయిందని ఒకరు వచ్చి చెవిలో చెప్పారు. ఆయన ముఖం పాలిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. పిల్లలందరికీ మిఠాయి అందాకే ఇంటికి కదిలారు. ఆ పిల్లల సంతోషాన్ని మధ్యలో చెరపడానికి ఆయన మనసు ఒప్పలేదు. తరువాత పిల్లల కోసం రాసిన కథలను ఆయన ఆ కూతురి పేరుతోనే అచ్చు వేయించారు. అబ్బూఖాన్ మేక కథ ఆ కాలంలో వచ్చిందే, ఇప్పటికీ ఉర్దూ చదివే పిల్లలకు అది బాగా ఇష్టం.

మొహల్లానే తరగతి గది

జామియాలో చదువు ఎలా ఉండాలన్న దాని మీద జాకిర్ హుసేన్‌కు స్పష్టత ఉంది. పేదవాడి గురించి పాఠం చదివి పరీక్ష రాస్తే న్యాయబుద్ధి రాదు. పేదవాడి పక్కన కూర్చోవాలి, అతని పనిలో చెయ్యి వేయాలి, అతనికి ఏమి రాదో కాక ఏమి వచ్చో తెలుసుకోవాలి. విద్యార్థిని సంఘం నుంచి వేరుచేసి పెంచి, పట్టా ఇచ్చాక సంఘసేవ చెయ్యమంటే చెయ్యలేడు.

అందుకే సాయంత్రాలు జామియా గదులు మళ్లీ తెరుచుకునేవి. పగలంతా కష్టం చేసుకుని వచ్చిన పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే రాత్రి తరగతులు మొదలయ్యాయి. మొదట కొద్దిమందే వచ్చారు. తరువాత చోటు చాలక వాళ్ల కోసం వేరే గదులు కట్టాల్సి వచ్చింది. 1938 అక్టోబర్‌లో ఇదారా ఏ తాలీమ్ ఓ తరఖ్ఖీ అనే వయోజన విద్యా సంస్థ ఏర్పడింది. దాన్ని భుజాన వేసుకున్నది షఫీఖుర్ రహ్మాన్ కిద్వాయ్. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఢిల్లీ రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు.

ఆ పని తీరే వేరు. ముందు అక్షరాలు దిద్దండి, తరువాత మాట్లాడదాం అన్న ధోరణి లేదు. బస్తీలో జనం కూర్చునే చోటుకే వెళ్లేవారు. ఆరోగ్యం, శుభ్రత, లోకం కబుర్లు, మంచి కథలు... వీటి మీద మామూలు ఉర్దూలో చిన్న చిన్న పుస్తకాలు వేశారు. కొత్తగా చదవడం వచ్చినవాడికి చదవడానికి ఏదైనా ఉండాలి, లేకపోతే వచ్చిన అక్షరం నెలలో మరిచిపోతాడు.

లోపల పాఠశాలలోనూ అంతే. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ లాంటి ఉపాధ్యాయులు పిల్లల చేతే చిన్న బ్యాంకు, చిన్న దుకాణం నడిపించారు. లెక్కలు, నిజాయితీ రెండూ అక్కడే వచ్చేవి. జర్మనీలో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ ఇక్కడికి వచ్చి చిన్నపిల్లల బాధ్యత తీసుకున్నారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె ఇక్కడే కన్నుమూశారు, జామియా ఖబ్రస్తాన్‌లోనే ఆమె సమాధి ఉంది. ఎక్కడి బెర్లిన్, ఎక్కడి ఓఖ్లా!

1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త ప్రాంగణానికి పునాది రాయి వేశారు. దేశంలో ఎంతమంది పెద్ద నాయకులు లేరు? అయినా ఆ రాయి వేయించింది జామియాలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత. ఈ విద్యాలయం ఎవరి కోసమో అంతకన్నా బాగా చెప్పే పద్ధతి లేదు.

డబ్బు కోసం హమ్‌దర్దానే జామియా అనే బృందం పెట్టారు. పెద్ద నవాబు ఒక్కడు లక్ష ఇచ్చేకన్నా లక్షమంది తలా రూపాయి ఇస్తే మంచిదన్నది ఆలోచన. చందా ఇచ్చినవాడు ఇది నా విద్యాలయం అనుకుంటాడు, విద్యార్థి కూడా తాను ఎవరి రూపాయితో చదువుతున్నాడో మరచిపోడు. జాకిర్ సాహెబ్ ఆ చందాల కోసం ఊరూరా తిరిగారు. హైదరాబాద్ సంస్థానం నుంచి కూడా జామియాకు సాయం అందింది. ఆయన తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించేవారు. అలా పుట్టిన ఊరితో బంధం తెగిపోలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకుంటారు. బూట్లు శుభ్రంగా ఉంచుకోండని విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. ఒకరోజు పొద్దున్నే వైస్ చాన్స్‌లరే పాలిష్, బ్రష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. ఆ తరువాత మురికి బూటు కనిపిస్తే ఒట్టు! ఏ పనీ తక్కువ పని కాదన్న పాఠం కూడా ఆ పిల్లలకు అక్కడే అందింది.

చేతిపని చేసేవాడు తక్కువవాడా?

1937 అక్టోబర్‌లో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం పెట్టారు. ఏదో ఒక చేతివృత్తి చుట్టూ పాఠాలన్నీ అల్లాలని, పిల్లలు తయారుచేసిన వస్తువులతోనే బడి ఖర్చు వెళ్లాలని ఆయన ప్రతిపాదన. అందరూ ఔనంటున్న సభలో జాకిర్ హుసేన్ లేచి సందేహాలు చెప్పారు. చేతిపనితో చదువు మంచిదే, ప్రపంచంలో ఇతర చోట్ల కూడా ఉంది. కానీ బడి ఖర్చు పిల్లల పనితోనే రావాలని పట్టుబడితే, ఉపాధ్యాయుడు పిల్లల చేత వెట్టి చేయించే మేస్త్రీ అయిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించారు.

గాంధీజీ కోపగించుకోలేదు. పథకం తయారుచేసే కమిటీకి ఆయననే అధ్యక్షుడిని చేశారు. డిసెంబర్‌లో నివేదిక వచ్చింది. అదే వార్ధా పథకం, నయీ తాలీమ్, బుద్ధి చేసేవాడు, చెయ్యి చేసేవాడు అని మనుషుల్ని రెండు జాతులుగా విడదీయడం మన దేశానికి పట్టిన పాత రోగం. నేతగాడి, వడ్రంగి, చెప్పులు కుట్టేవాడి నైపుణ్యం బడిలో పాఠం అయితే, వాళ్ల పిల్లలు బడిలో తలెత్తుకుంటారు, మిగతా పిల్లలకు వాళ్ల విలువ తెలుస్తుంది. సామాజిక న్యాయం అని ఇప్పుడు మనం అంటున్న మాటకు ఆయన వెతికిన దారి ఇది.

ఈ పని ఆయనకు మాటలు కూడా తెచ్చిపెట్టింది. కాంగ్రెస్ పథకానికి ముస్లిం అయి ఉండి పెద్దరికం వహించాడని ముస్లిం లీగ్ వైపు నుంచి ఘాటైన విమర్శలు వచ్చాయి. ఆయన బదులుకు బదులు చెప్పకుండా పని చేసుకుపోయారు. ఉపాధ్యాయుల శిక్షణ కోసం జామియాలో ఉస్తాదోం కా మద్రసా మొదలైంది. పథకం అనుకున్నంత బాగా దేశమంతా నడవలేదన్నది కూడా నిజం. చాలాచోట్ల రాట్నం మిగిలింది, ఆలోచన జారిపోయింది. ఆ లోపాన్ని తరువాతి రోజుల్లో జాకిర్ హుసేనే బహిరంగంగా ఒప్పుకున్నారు.

నిప్పుల మధ్య

1946 నవంబర్‌లో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతా మతకలహాలతో మండుతోంది. జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, ముహమ్మద్ అలీ జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఆ వేదిక మీద కలిసి కూర్చున్నారు. ఆ రోజుల్లో వాళ్లను అలా ఒకచోట కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. జాకిర్ హుసేన్ ఆ పెద్దలను అడిగింది భవనాలకు డబ్బు కాదు. ఎలాగైనా ఈ మంటను ఆర్పండి, ఇది ఎవరు అంటించారన్న లెక్క తరువాత చూసుకోవచ్చు అని వేడుకున్నారు.

మంట ఆరలేదు. 1947 ఆగస్టులో ఆయన కశ్మీర్‌కు బయలుదేరారు. జలంధర్ స్టేషన్‌లో అల్లరిమూక చేతిలో పడ్డారు. సామాను పోయింది, ప్రాణం పోవడానికి క్షణాలే మిగిలాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. ఢిల్లీకి ప్రాణాలతో తిరిగొచ్చారు. తరువాత ఆ సంఘటన గురించి ఎప్పుడు ప్రస్తావన వచ్చినా చంపబోయినవాళ్ల గురించి కాదు, కాపాడినవాళ్ల గురించే మాట్లాడేవారు.

సెప్టెంబర్‌లో ఢిల్లీ కూడా అంటుకుంది. కరోల్‌బాగ్‌లో ఉన్న జామియా పుస్తక సంస్థ మక్తబా బూడిదైంది. ఏళ్ల కష్టం, వేలాది పుస్తకాలు పోయాయి. గాంధీజీ ఓఖ్లా వచ్చి జామియావాళ్లను పలకరించి వెళ్లారు.

ఇరవై ఏళ్లుగా నేర్పిన చదువుకు అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. ఇళ్లు వదిలిన వేలాది ముస్లిం కుటుంబాలు పురానా ఖిలాలో, హుమాయూన్ సమాధి దగ్గర శిబిరాల్లో పడి ఉన్నాయి. వాన, బురద, జబ్బులు, భయం. తమకే రక్షణ లేని జామియా ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆ శిబిరాలకు వెళ్లి పని చేశారు. బెదిరిన పిల్లల్ని పోగుచేసి కూర్చోబెట్టారు. పాత ఢిల్లీ మొహల్లాల్లో షఫీఖుర్ రహ్మాన్ బృందం చదువు, సేవా కేంద్రాలు తెరిచింది. అటు పంజాబ్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన హిందూ, సిక్కు శరణార్థుల కష్టం కూడా కష్టమే అని వాళ్లు మరువలేదు. దెబ్బ తిన్నవాడు తన దెబ్బనే చూసుకుంటూ కూర్చుంటే అది సహజం. పక్కవాడి దెబ్బకు కూడా కట్టు కట్టడానికి తాలీమ్ కావాలి. జామియాకు ఆ తాలీమ్ ఉందని ఆ చలికాలం రుజువు చేసింది.

మళ్లీ అలీగఢ్

1948లో ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ చాన్స్‌లర్ అయ్యారు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట తాను వదిలి వచ్చిన చోటు అదే. విభజన తరువాత అలీగఢ్ పేరు చెబితే అనుమానంగా చూసే కాలం. చాలామంది ఉపాధ్యాయులు, విద్యార్థులు పాకిస్తాన్ వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో భయం. ఆ విద్యాలయాన్ని నిలబెట్టడం దేశంలో ముస్లింల భవిష్యత్తుకు సంబంధించిన పని అని ఆయనకు తెలుసు. 1956 వరకు అక్కడ ఉన్నారు. మంచి ఉపాధ్యాయుల్ని వెతికి తెచ్చారు. ఆవరణంతా గులాబీలు, చెట్లు నాటించారు. పూలంటే ఆయనకు ప్రాణం. పాడుబడిన చోట మొక్క నాటడం కూడా ధైర్యం చెప్పడమే కదా.

అదే కాలంలో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో ఆయన సభ్యుడు. కాలేజీ విద్యార్థులు, ఉపాధ్యాయులు స్వచ్ఛందంగా సమాజసేవలో పాల్గొనాలన్న ఆలోచన స్వతంత్ర భారతంలో ఆ కమిషన్ నాటి నుంచే బలపడింది. బలవంతంగా చేయిస్తే సేవ కాదు, హాజరు పట్టీ అవుతుంది. అందుకే స్వచ్ఛందం అన్న మాట మీద పట్టు.

పదవులు వచ్చాయి, మనిషి మారలేదు

1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసింది మన తెలుగువారే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు. జాకిర్ హుసేన్ గెలిచి మే 13న ప్రమాణం చేశారు. హైదరాబాద్‌లో పుట్టిన ఒక అనాథ పిల్లాడు, నెలల తరబడి జీతం లేకుండా పాఠం చెప్పిన ఒక ఉపాధ్యాయుడు దేశానికి మొదటి పౌరుడయ్యాడు.

రెండేళ్లు నిండకుండానే, 1969 మే 3న గుండెపోటుతో రాష్ట్రపతి భవన్‌లోనే కన్నుమూశారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఆ బాధ్యతలు తాత్కాలికంగా మరో తెలుగు బిడ్డ వి.వి. గిరి చేతికి వచ్చాయి. జాకిర్ సాహెబ్‌ను ఖననం చేసింది ఓఖ్లాలో, జామియా ప్రాంగణంలో. పక్కన బడి, చుట్టూ పిల్లల సందడి. తరువాత షాజహాన్ బేగం కూడా అక్కడికే చేరారు.

ఆయన పోయిన అయిదు నెలల లోపే, 1969 సెప్టెంబర్ 24న, నేషనల్ సర్వీస్ స్కీమ్ మొదలైంది. మన కాలేజీ పిల్లలు ఎన్.ఎస్.ఎస్. అని పిలిచేది దీన్నే. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభించారు. విద్యార్థి పల్లెకు, బస్తీకి వెళ్లి పని చేస్తూ నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. కరోల్‌బాగ్ రాత్రి తరగతుల్లో ఒక చిన్న విద్యాలయం ఎప్పుడో మొదలుపెట్టిన పని దేశమంతటికీ చేరింది. జాకిర్ సాహెబ్ అది చూడలేదు.

మన ఇళ్లలో ఆ చదువు

ఇవాళ మన ఇళ్లలో అబ్బాయి, అమ్మాయి ఇంజనీరింగ్‌లో, మెడిసిన్‌లో, డిగ్రీలో చేరితే అమ్మీ అబ్బా దువా చేస్తారు. సీటు ఎంతకు వచ్చింది, ప్యాకేజీ ఎంత వస్తుంది అని చుట్టాలు అడుగుతారు. ఆ ప్రశ్నలు తప్పు కాదు. ఇల్లు గడవాలి. జాకిర్ హుసేన్ కూడా పేదరికం గొప్పదని ఎప్పుడూ చెప్పలేదు. చదువు ఇంటి వరకే ఆగిపోకూడదని మాత్రం బతికి చూపించారు.

ఎన్.ఎస్.ఎస్. సర్టిఫికెట్ కోసం చెట్టు పక్కన ఫోటో దిగే పిల్లలు ఉన్నారు. అదే పథకంలో చేరి, ఆదివారం బస్తీలో పదో తరగతి తప్పిన పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పే పిల్లలూ ఉన్నారు. పేరు ఒకటే, చదువు వేరు. పాత బస్తీలోనో, గుంటూరులోనో, కర్నూలులోనో, నిజామాబాద్‌లోనో సాయంత్రం పూట ఏ మస్జిద్ పక్క గదిలోనైనా, ఏ కమ్యూనిటీ హాల్లోనైనా రెండో రకం పిల్లవాడు కనిపిస్తే, అతని చేతిలో ఉన్న సుద్దముక్క చాలా పాతది. దాన్ని ఒకప్పుడు బేగంబజార్‌లో పుట్టిన ఒక మనిషి పట్టుకున్నారు. నలభై ఏళ్ల తరువాత దేశం రాష్ట్రపతి కుర్చీ ఇచ్చినా, ఆయన చివరికి ఆ సుద్దముక్క ఉన్న చోటుకే వెళ్లి విశ్రమించారు.